యాన్ కాట్‌ను నమ్మి షేక్‌స్పియర్‌ను చదవొచ్చా? ఒక పరిశోధక విద్యార్థికి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. షేక్‌స్పియర్ నాటకాల ప్రదర్శనల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఏ పుస్తకం తిరగేసినా పోలండ్ విమర్శకుడు యాన్ కాట్ పేరు తగులుతోంది. మీ గైడ్ గారేమో "ఆయన ఇంగ్లీషు సాహిత్య పండితుడు కాదు, పత్రికల్లో రాసిన కమ్యూనిస్టు, థీసిస్‌లో ఎక్కువగా వాడొద్దు" అన్నారు. మీరు సొంతంగా వెతికితే, స్టాలిన్ కాలంలో ప్రభుత్వ సాహిత్య విధానాన్ని భుజాన మోశాడని కూడా తెలిసింది. అలాంటి మనిషి రాసిన పుస్తకం మీద ఆధారపడొచ్చా, ఆధారపడితే ఎంతవరకు అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆధారపడొచ్చు, అయితే ఏ విషయంలో ఆధారపడుతున్నారో తెలుసుకుని ఆధారపడాలి. ఏ ప్రతిలో ఏ పాఠం ఉంది, ఫలానా మాటకు ఎలిజబెత్ రాణి కాలంలో ఏ అర్థం ఉంది అన్నవి కాట్‌ను అడగకండి. నాటకం వేదిక మీదికొచ్చినప్పుడు చూసేవాళ్ల బతుకుతో ఎక్కడ, ఎలా తగులుకుంటుందో అడగండి. ఆ ఒక్క విషయంలో ఇరవయ్యో శతాబ్దంలో ఆయన్ను మించిన విమర్శకుడు నాకైతే కనిపించలేదు. ఇక గతం మాట. ఆయన స్టాలినిస్టుగా రాసిన మాట నిజమే. దాన్ని పక్కన పెట్టి పుస్తకం చదవమని మాత్రం నేను చెప్పను. ఆ గతం తెలిస్తేనే పుస్తకం పూర్తిగా అర్థమవుతుంది. నేను నాటకశాఖలో చాలాకాలం పాఠాలు చెప్పాను, షేక్‌స్పియర్‌ను తెలుగులో ఆడించాను. కాట్ జీవితం తెలిసి చదివిన విద్యార్థికీ, తెలియక చదివిన విద్యార్థికీ ఉన్న తేడా దగ్గరగా చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఆయన 1914 అక్టోబర్ 27న వార్సాలో పుట్టాడు. యూదు కుటుంబం. చిన్నప్పుడే కాథలిక్ బాప్టిజం ఇప్పించారు. వార్సాలో లా చదివాడు కానీ మనసంతా సాహిత్యం మీదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పారిస్ వెళ్లి ఫ్రెంచ్ సాహిత్యం చదువుకున్నాడు, అక్కడి సర్రియలిస్టుల మధ్య తిరిగాడు. భార్య లిదియా, ప్రసిద్ధ గణితవేత్త హ్యూగో స్టైన్‌హౌస్ కూతురు (ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన మీ స్నేహితుల్ని అడగండి, బనాఖ్-స్టైన్‌హౌస్ సిద్ధాంతం పేరు విని ఉంటారు). 1939 సెప్టెంబర్‌లో జర్మనీ దాడి చేసినప్పుడు వార్సాను కాపాడుకునే పోరులో సైనికుడిగా ఉన్నాడు. తర్వాత సోవియట్ సైన్యం ఆక్రమించిన ల్వూఫ్‌లో, అంటే ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వివ్‌లో, కొంతకాలం ఉన్నాడు. ఆ తర్వాత జర్మన్ల చేతిలో ఉన్న వార్సాకు తిరిగొచ్చాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఆ వార్సాలో యూదు పుట్టుక ఉన్న మనిషి బతికుండడమే రోజుకో గండం. ఏ రాత్రి ఎవరు తలుపు కొడతారో తెలియదు. అలాంటి చోట ఆయన రహస్య ప్రతిఘటనలో చేరాడు, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, ఆ మధ్యలోనే కూర్చుని డానియల్ డెఫో గురించీ, స్టెంధాల్ గురించీ, ఆంద్రే జీద్ గురించీ వ్యాసాలు రాశాడు. అవే 1946లో 'పురాణకల్పన, వాస్తవికత' అనే అర్థం వచ్చే పేరుతో మొదటి ముఖ్యమైన విమర్శ గ్రంథంగా వచ్చాయి. మృత్యువు గుమ్మం ముందున్నప్పుడు రాబిన్‌సన్ క్రూసో ద్వీపం మీద పెట్టుబడిదారీ విధానం ఎలా పనిచేసిందో రాయడం వింతగా అనిపించొచ్చు. నాకు అందులో ఆయన తత్వం మొత్తం కనిపిస్తుంది. చుట్టూ ఉన్న పిచ్చిలో ఏదో ఒక సూత్రం ఉందని, ఆ సూత్రం దొరికితే నిలబడొచ్చని ఆయన గట్టిగా నమ్మాడు. మార్క్సిజం ఆ సూత్రాన్ని ఇచ్చింది.

యుద్ధం ముగిసేసరికి వార్సా శిథిలాల దిబ్బ. రచయితలూ పత్రికలూ చాలావరకు వూచ్ నగరానికి చేరారు. 1945లో అక్కడ 'కుజ్నిత్సా' అనే వారపత్రిక మొదలైంది. 'కొలిమి' అని ఆ పేరుకు అర్థం. దాని స్థాపకుల్లో కాట్ ఒకడు, అందులో అందరికంటే పదునుగా వాదించే కలం ఆయనదే. కొత్త పోలండ్‌కు ఎలాంటి సాహిత్యం కావాలో ఆ పత్రిక తీర్పులు చెప్పేది. తర్వాతి ఏళ్లలో సోషలిస్టు రియలిజాన్ని, అంటే సాహిత్యం పార్టీ లక్ష్యాలకు పనికిరావాలనే అధికారిక విధానాన్ని, సిద్ధాంతీకరించిన వాళ్లలో ఆయన పేరు ముందుంటుంది. మీరు ఇంటర్నెట్‌లో చదివింది ఈ కాలం గురించే.

ఆ కాలం ఎలాంటిదో తెలియడానికి ఒక్క వివాదం చాలు. 1945లోనే కాట్ జోసెఫ్ కాన్రాడ్ మీద విరుచుకుపడ్డాడు. కాన్రాడ్ పుట్టుకతో పోలిష్ మనిషి. 'లార్డ్ జిమ్' లాంటి నవలల్లో ఆయన చూపిన విశ్వాసపాత్రత, అంటే గెలుపు దక్కదని తెలిసినా ఇచ్చిన మాటకు కట్టుబడి నిలబడడం, ఆక్రమణ కాలంలో పోలండ్ యువకులకు ఊపిరి పోసింది. లండన్‌లోని ప్రవాస ప్రభుత్వానికి విధేయంగా పోరాడిన హోమ్ ఆర్మీ కుర్రాళ్లు కాన్రాడ్‌ను చదువుకుని తుపాకీ పట్టారు. 1944 వార్సా తిరుగుబాటులో వేలాదిగా చనిపోయారు. కాట్ ఏమన్నాడంటే, ఆ విశ్వాసపాత్రత స్వేచ్ఛ కాదు, ఓడ యజమానులకు నావికుడు చూపే గుడ్డి విధేయత అన్నాడు. అప్పటికి హోమ్ ఆర్మీ వాళ్లను కొత్త ప్రభుత్వం అరెస్టులు చేస్తోంది. కాబట్టి అది నవల మీద చర్చగా మాత్రమే మిగల్లేదు. ప్రసిద్ధ నవలా రచయిత్రి మరియా దొంబ్రోవ్‌స్కా ఊరుకోలేదు. కాన్రాడ్ చెప్పిన విశ్వాసపాత్రత ఏ యజమానికీ చూపే విధేయత కాదని, మనిషి మనిషితో కట్టుకున్న బంధమని గట్టిగా జవాబు రాసింది. ఆ వాదంలో నేను దొంబ్రోవ్‌స్కా పక్షం. కాట్ వ్యాసంలో తెలివి ఉంది, బలం ఉంది, ఓడిపోయి జైళ్లలో ఉన్నవాళ్ల మీద జాలి లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో కాట్ చరిత్రను ఒక యంత్రంగా చూశాడు. ఆ యంత్రం మనుషుల్ని నలిపినా ఎక్కడికో ఒక మంచి చోటికి తీసుకెళ్తోందని నమ్మాడు. ఈ వాక్యం గుర్తుంచుకోండి. షేక్‌స్పియర్ పుస్తకం దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఉద్యోగపరంగా చూస్తే మొదట వ్రొత్స్వాఫ్‌లో, తర్వాత వార్సా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయన అసలు విద్య ఫ్రెంచ్ సాహిత్యం, పద్దెనిమిదో శతాబ్దపు పోలిష్ జ్ఞానోదయ యుగం. మీ గైడ్ గారు అన్నట్టు ఇంగ్లీషు సాహిత్య పండితుడు కాదు, ఆ మాట నిజమే. పత్రికల్లో రాసేవాడన్నదీ నిజమే. ఏళ్ల తరబడి నాటక సమీక్షలు రాశాడు. నా లెక్కలో అది ఆయనకు తక్కువతనం కాదు. రాత్రి నాటకం చూసి, హాల్లో పక్కవాళ్లు ఎక్కడ ఊపిరి బిగబట్టారో గమనించి, పొద్దున్నే రాసిన మనిషికి లైబ్రరీలో దొరకని సంగతులు కొన్ని తెలుస్తాయి.

ఆ తెలివిడి 1956లో బయటపడింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మాస్కోలో సోవియట్ పార్టీ ఇరవయ్యో మహాసభ జరిగింది. స్టాలిన్ నేరాల గురించి క్రుశ్చేవ్ రహస్య ప్రసంగం చేశాడు. మార్చిలో పోలండ్ పార్టీ అధినేత బియెరుత్ మాస్కోలోనే చనిపోయాడు. జూన్‌లో పొజ్నాన్‌లో కార్మికులు వీధుల్లోకొస్తే కాల్పులు జరిగాయి. అక్టోబర్‌లో గొముల్కా పోలండ్ పార్టీ అధినేతగా అధికారంలోకి వచ్చాడు. ఈ రెండింటి మధ్య, సెప్టెంబర్ చివర్న, క్రాకోలోని పాత నాటకశాలలో రోమన్ జవిస్తోవ్‌స్కీ దర్శకత్వంలో 'హామ్లెట్' వేశారు. హామ్లెట్‌గా లెషెక్ హెర్‌దెగెన్. కాట్ దానికి సమీక్ష రాస్తూ 'ఇరవయ్యో మహాసభ తర్వాతి హామ్లెట్' అని పేరు పెట్టాడు.

నాటకంలో ఒక్క మాట మార్చకుండానే ఆ హాల్లో నాటకం మారిపోయింది. ఎల్సినోర్ కోటలో ప్రతివాడూ ఇంకొకణ్ణి గమనిస్తుంటాడు. ప్రతి తెర వెనకా ఒకడు నక్కి ఉంటాడు. రాజు మంత్రి పొలోనియస్ కూతుర్ని ఎరవేస్తాడు, పారిస్‌లో ఉన్న కన్న కొడుకు మీద కూడా నిఘాకు రెనాల్డోను పంపిస్తాడు. పాత స్నేహితులిద్దరు రాజు మనుషులై వస్తారు. డెన్మార్క్ ఒక జైలు అని హామ్లెట్ అన్నప్పుడు క్రాకో ప్రేక్షకులకు అది కవిత్వంలా వినపడలేదు. చూడు, విచారించు, కనిపెట్టు అనే మాటలే ఆ ప్రదర్శనలో అన్నిటికంటే గట్టిగా వినిపించాయని కాట్ రాశాడు. 'హామ్లెట్' స్పాంజి లాంటిదని, ఏ కాలంలో వేస్తే ఆ కాలాన్ని పీల్చుకుంటుందని ఆయన అన్న మాట ఈ అనుభవం నుంచి పుట్టిందే.

నేను మొదటిసారి ఆ వ్యాసం చదివినప్పుడు మా కాలేజీ రోజుల్లో మాకు చెప్పిన హామ్లెట్ గుర్తొచ్చాడు. అంతా ఇంగ్లీషు విమర్శకుడు బ్రాడ్లీ గారి 1904 నాటి పుస్తకం మీద నడిచిన పాఠం. హామ్లెట్ ఎందుకు ఆలస్యం చేశాడు, అతని స్వభావంలో లోపం ఎక్కడుంది అన్నవే ప్రశ్నలు. బ్రాడ్లీ గొప్పవాడు, కాదనను. కానీ ఆ పాఠంలో, హామ్లెట్ తండ్రిని చంపి గద్దెనెక్కిన క్లాడియస్ ప్రభుత్వం అనేదొకటి ఉందనే ఊసే లేదు. కాట్ చదివాక ప్రశ్న తిరగబడింది. తలుపు వెనక ఎవరున్నారో తెలియని ఇంట్లో ఏ మనిషైనా తొందరపడి ఏం చేయగలడు?

1957లో కాట్ పార్టీ సభ్యత్వం వదిలేశాడు. కొందరు రచయితలు కలిసి 'యూరోపా' అనే పత్రిక పెట్టాలనుకుంటే మొదటి సంచిక రాకముందే ప్రభుత్వం ఆపేసింది. ఆ నిరసనలో బయటికొచ్చిన వాళ్లలో ఆయన ఒకడు. 1964లో పుస్తకాలకు కాగితం కోటా తగ్గించడాన్నీ, సెన్సార్‌ను బిగించడాన్నీ తప్పుపడుతూ 34 మంది రచయితలు, పండితులు ప్రధానికి ఒక లేఖ రాశారు. రెండే వాక్యాల లేఖ. దాని కింద యాన్ కాట్ సంతకం ఉంది. మరియా దొంబ్రోవ్‌స్కా సంతకమూ ఉంది. కాన్రాడ్ గురించి అంతగా పోట్లాడుకున్న ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు. ఆయన మారాడనడానికి నాకు ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు.

ఇక పుస్తకం. 1961లో పోలిష్‌లో 'షేక్‌స్పియర్ మీద వ్యాసాలు'గా వచ్చింది. 1962లో ఫ్రెంచ్‌లో, 1964లో బొలెస్వాఫ్ తబోర్‌స్కీ అనువాదంతో ఇంగ్లీషులో 'షేక్‌స్పియర్ అవర్ కాంటెంపరరీ'గా వచ్చింది. పెంచి రాసిన పోలిష్ ప్రతి 1965ది. మీరు వాడబోయేది ఇంగ్లీషు పుస్తకమే కాబట్టి దాని గురించే చెబుతాను.

మొదటి వ్యాసం 'రాజులు'. అన్నిటికన్నా ముందు అదే చదవండి. షేక్‌స్పియర్ చారిత్రక నాటకాలన్నీ పక్కపక్కన పెడితే ఒకే కథ మళ్లీ మళ్లీ జరుగుతుందంటాడు కాట్. పెద్ద మెట్ల వరస ఉంటుంది. ఒకడు ఒక్కో మెట్టూ ఎక్కుతాడు, ప్రతి మెట్టు మీదా ఒక హత్య, ఒక ద్రోహం. పైకి చేరేసరికి కిరీటం దొరుకుతుంది, కానీ అప్పటికే ఇంకొకడు కింది మెట్టు మీద కాలు పెట్టి ఉంటాడు. రాజుల పేర్లు మారతాయి, మెట్లు మారవు. దీనికి ఆయన 'మహాయంత్రం' అని పేరు పెట్టాడు.

ఇందాక గుర్తుంచుకోమన్న వాక్యం ఇప్పుడు తీయండి. కుజ్నిత్సా రోజుల్లో ఆయన నమ్మిన చరిత్ర యంత్రమే ఇది. యంత్రాన్ని అలాగే ఉంచాడు, అది చేరాల్సిన గమ్యాన్ని తీసేశాడు. చరిత్రకు అర్థం ఉందని నమ్మేవాడి విషాదం ఒక రకం, అర్థమే లేదని తెలిసినవాడి విషాదం ఇంకో రకం అని ఆ వ్యాసంలోనే విడదీసి చెబుతాడు. రెండో రకాన్ని షేక్‌స్పియర్‌లో గుర్తుపట్టగలిగాడంటే, మొదటి రకాన్ని ఒకప్పుడు తాను మనసారా నమ్మి ఉండడం వల్లే. బయట నిలబడి చూసిన పండితుడు ఈ వ్యాసం రాయలేడు. యంత్రానికి నూనె పోసిన చెయ్యే దాని పళ్లు ఎక్కడున్నాయో చెప్పగలిగింది. మీ గైడ్ గారు అభ్యంతరంగా చెప్పిన గతమే ఈ పుస్తకానికి మూలధనం.

ఒక్క సన్నివేశం చూపిస్తాను. 'మూడో రిచర్డ్' మూడో అంకం రెండో రంగం. లార్డ్ హేస్టింగ్స్ ఇంటి తలుపు ఎవరో కొడతారు. టైం ఎంతయిందని అడిగితే నాలుగు కొట్టబోతోందంటాడు వచ్చినవాడు. పారిపొమ్మని స్నేహితుడు కబురు పంపాడు. హేస్టింగ్స్ నవ్వి ఊరుకుంటాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు అతని తల ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి ఇలా తలుపు చప్పుడుకు లేవనివాళ్లు ఎవరుంటారని కాట్ మామూలుగా అడుగుతాడు. ఇంగ్లీషు పుస్తకానికి ముందుమాట రాసిన దర్శకుడు పీటర్ బ్రూక్ సరిగ్గా దీన్నే పట్టుకున్నాడు. తన పాఠకులందరినీ ఎప్పుడో ఒకప్పుడు పోలీసులు అర్ధరాత్రి లేపి ఉంటారని ఏ సందేహమూ లేకుండా అనుకునే షేక్‌స్పియర్ విమర్శకుడు ఈయనొక్కడే అన్నాడు. అదే ముందుమాటలో ఇద్దరూ ఎలా కలిశారో కూడా ఉంది. వార్సాలో ఒక నైట్‌క్లబ్‌లో పరిచయం. వాళ్ల కళ్లముందే ఒకమ్మాయిని పోలీసులు పొరపాటున పట్టుకెళ్తే కాట్ అడ్డుపడ్డాడు. తెల్లవారుజాము దాకా ఆమెను విడిపించే పనిలో పోలీసు ప్రధాన కార్యాలయంలోనే ఇద్దరూ. అక్కడివాళ్లు ప్రొఫెసర్ అని పిలుస్తుంటే గానీ తన కొత్త స్నేహితుడు నాటకం చెప్పే ఆచార్యుడని బ్రూక్‌కు తెలియలేదు.

నేను క్లాసులో 'రాజులు' వ్యాసం చెప్పేటప్పుడు పాఠం మొదలుపెట్టకుండా 'మూడో రిచర్డ్' పాత్రల జాబితా బోర్డు మీద రాయించేవాణ్ణి. పాత్రల జాబితాను జాగ్రత్తగా చదవడం దగ్గరే కాట్ కూడా మొదలుపెడతాడు. పిల్లలు ఒక్కొక్కరూ లేచి ఎవరు ఎవరి చేతిలో పోయారో గీత కొడతారు. గంట గడిచేసరికి బోర్డు మీద మిగిలేది వితంతువులు, తల్లులు. అప్పుడు నేను దాన్ని దాటి ఇంకో మెట్టు తీసుకెళ్లేవాణ్ణి. హేస్టింగ్స్ తల పోయాక పద్నాలుగు లైన్ల చిన్న రంగం ఒకటుంది, చాలామంది దర్శకులు కోసేస్తారు. ఒక రాతగాడు కాగితం పట్టుకుని వస్తాడు. హేస్టింగ్స్ మీద నేరారోపణ పత్రం అది. దాన్ని శుద్ధప్రతి రాయడానికి తనకు పదకొండు గంటలు పట్టిందని, ముసాయిదా తయారుచేయడానికి అంతే పట్టి ఉంటుందని, అయిదు గంటల క్రితం దాకా హేస్టింగ్స్ ఏ ఆరోపణా లేకుండా స్వేచ్ఛగా తిరిగాడని లెక్కగడతాడు. ఈ మోసం కనపడనంత మొద్దు ఎవరు, కనపడిందని చెప్పేంత ధైర్యం ఎవరికుంది అంటాడు. 1949లో బుడాపెస్ట్‌లో రాయ్క్ మీద, 1952లో ప్రాగ్‌లో స్లాన్‌స్కీ మీద, ఇద్దరూ కమ్యూనిస్టు నాయకులే, సొంత పార్టీ ప్రభుత్వాలు జరిపిన విచారణలు కూడా ముందే రాసిపెట్టుకున్నవే. ఆ విద్యార్థులెవరూ ఆ పేర్లు అంతకుముందు వినలేదు. అయినా ఆ రాతగాడి రంగం చదివాక ఒక్కరు కూడా దాన్ని కోసేద్దామనలేదు.

ఇక జాగ్రత్తల మాట. కాట్ పద్ధతికి బలం ఎక్కడుందో బలహీనతా అక్కడే ఉంది: తనకు కనిపించిన నిజానికి అడ్డొచ్చే రంగాల దగ్గర ఆయన ఆగడు. దీనికి 'కింగ్ లియర్' వ్యాసం మంచి ఉదాహరణ. ఆ వ్యాసంలో ఆయన లియర్‌ను బెకెట్ నాటకం 'ఎండ్‌గేమ్' పక్కన పెట్టి చదివాడు. విషాద నాటకంలో దేవుడో విధో ప్రకృతో, ఏదో ఒకటి మనిషికి ఎదురు నిలబడి ఉంటుంది. లియర్‌లో ఆ చోటు ఖాళీ అంటాడు. గుడ్డివాడైన గ్లాస్టర్ డోవర్ కొండ అంచు నుంచి దూకి చావాలనుకుంటాడు. కొడుకు ఎడ్గర్ చదును నేల మీదే నడిపిస్తూ ఎత్తు ఎక్కుతున్నామని నమ్మిస్తాడు. గ్లాస్టర్ ప్రార్థన చేసి దూకుతాడు, ఉన్నచోటే బోర్లా పడతాడు. కొండ లేదు, దేవుళ్లు లేరు, చావు కూడా దొరకలేదు. ఇది బోసి వేదిక మీద మాత్రమే సాధ్యమయ్యే దృశ్యమని కాట్ చెప్పిన తీరు అద్భుతం.

మా రిహార్సల్‌లో ఆ దృశ్యం చాలా రోజులు కుదరలేదు. గ్లాస్టర్ వేసే నటుడు ప్రతిసారీ ఏడుపు తెచ్చుకునేవాడు. కాట్ వ్యాసం అతనికి తెలుగులో చెప్పి, "నువ్వు ఏడవకు, ఎత్తు కొలువు" అన్నాను. ప్రతి అడుగూ పైకి వేస్తున్నట్టు కాలితో తడుముతూ నడిచాడు. పక్కన ఎడ్గర్ కింద కాకులు పురుగుల్లా, జాలర్లు ఎలకల్లా కనిపిస్తున్నారని చెబుతున్నాడు. చూస్తున్న మిగతా నటుల్లో కొందరు నవ్వారు, వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. నాటకానికి కావలసింది సరిగ్గా అదే.

కానీ అదే నాటకంలో గ్లాస్టర్ కళ్లు పీకే రంగం చూడండి. లియర్ అల్లుడు కార్న్‌వాల్ రెండో కన్ను పీకబోతుంటే అతని సొంత సేవకుడే కత్తి దూస్తాడు, యజమానిని చావుదెబ్బ కొట్టి తానూ చస్తాడు. మిగిలిన సేవకులు రంగం చివర గ్లాస్టర్ రక్తమోడే ముఖానికి గుడ్డులోని తెల్లసొన పూసిన నార తెస్తామనుకుంటారు. మహాయంత్రంలో వీళ్లకు చోటు లేదు. 1962లో పాల్ స్కోఫీల్డ్ లియర్‌గా బ్రూక్ చేసిన ప్రసిద్ధ ప్రదర్శన మీద కాట్ వ్యాసం ప్రభావం ఉందనేది అందరూ ఒప్పుకునే మాట. ఆ ప్రదర్శనలో బ్రూక్ చివరి సేవకుల మాటలు తీసేశాడు. రక్తం కారుతున్న గ్లాస్టర్‌ను ఎవరూ ఆదుకోని లోకం కనిపించాలని. ఇక్కడే మీకు ప్రతుల పండితుల అవసరం పడుతుంది. ఆ సేవకుల సంభాషణ 1608 క్వార్టోలో, అంటే నాటకం విడిగా అచ్చయిన చిన్న ప్రతిలో ఉంది; 1623 ఫోలియోలో, అంటే నాటకాలు కలిపి వేసిన పెద్ద సంపుటంలో లేదు. బ్రూక్ కోత ఒక ప్రతి ప్రకారం సమర్థించుకోదగిందే. అయితే కత్తి దూసిన సేవకుడు మాత్రం రెండు ప్రతుల్లోనూ ఉన్నాడు. మేం ఆడినప్పుడు ఆ చివరి ఇద్దర్నీ ఉంచాను. నాటకంలో క్రూరత్వం ఏమీ తగ్గలేదు, పైగా పెరిగింది. దయ ఎలా ఉంటుందో ఒక్క క్షణం చూపించాక వచ్చే చీకటి ఇంకా చిక్కగా ఉంటుంది. మీ థీసిస్‌లో కాట్ మీద విమర్శ రాయాలనుకుంటే ఇక్కడ మొదలుపెట్టండి, బలమైన చోటు.

ప్రదర్శనల మీద ఆయన ముద్ర గురించి మీకు చాలా సమాచారం దొరుకుతుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1967లో లండన్ నేషనల్ థియేటర్ క్లిఫర్డ్ విలియమ్స్ దర్శకత్వంలో 'యాజ్ యూ లైక్ ఇట్'ను మొత్తం మగవాళ్లతో వేసింది. ఆ నాటకంలో మగవేషం వేసుకునే నాయిక రోజలిండ్ మీద కాట్ రాసిన వ్యాసమే దానికి ప్రేరణ. 1971 పొలాన్‌స్కీ 'మాక్‌బెత్' సినిమా చివర్లో కొత్త రాజు తమ్ముడు డొనాల్బెయిన్ మంత్రగత్తెల గుహ వైపు వెళ్తాడు. అది షేక్‌స్పియర్ నాటకంలో లేదు, మెట్ల వరస మళ్లీ మొదలైందని చెప్పే ముగింపు అది. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' మీద కాట్ రాసింది మాత్రం కాస్త అతి అని నా అభిప్రాయం. ఆ అడవంతా పశుకామంతో, భయంతో నింపేశాడు. బ్రూక్ 1970లో ఆ నాటకం చేసినప్పుడు చీకటి అడవి కాకుండా తెల్లటి పెట్టెలాంటి వేదిక, ఉయ్యాలలు, సర్కస్ విద్యలు పెట్టాడు. శిష్యుడు గురువు నుంచి ఎక్కడ విడిపోయాడో చూడాలంటే ఈ రెండూ పోల్చి రాయండి.

1960ల నడుమ కాట్ అమెరికా వెళ్లాడు. యేల్‌లో, బర్క్‌లీలో పాఠాలు చెప్పాడు. ఈలోగా 1968 జనవరిలో వార్సా నేషనల్ థియేటర్‌లో ఆడుతున్న పోలిష్ కవి మిత్‌స్కియేవిచ్ నాటకం 'జాదీ'ని ప్రభుత్వం ఆపించింది. మార్చిలో విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. దాన్ని సాకు చేసుకుని యూదుల మీద ప్రభుత్వమే దుష్ప్రచారం మొదలుపెట్టింది. యూదు మూలాలున్న వేలాది మంది దేశం వదలాల్సొచ్చింది. ఒక నాటకం ఆపితే దేశం అట్టుడికిన చోటు నుంచి వచ్చిన మనిషి, నాటకానికి చరిత్రను తాకే శక్తి ఉందనడంలో ఆశ్చర్యమేముంది? 1969లో ఆయన అమెరికాలో ఆశ్రయం కోరాడు. వార్సాలో ఆచార్య పదవి పోయింది. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం స్టోనీ బ్రూక్ శాఖలో 1983 దాకా పనిచేశాడు. చివరి రోజులు కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో. 2001 డిసెంబర్‌లో, 87 ఏళ్ల వయసులో గుండెపోటుతో చనిపోయాడు.

ఆ ప్రవాసంలో రాసినవి మన దగ్గర ఎవరూ చదవరు, నాకది బాధ. గ్రీకు విషాద నాటకాల మీద 'ది ఈటింగ్ ఆఫ్ ద గాడ్స్' ఉంది. 'ది థియేటర్ ఆఫ్ ఎసెన్స్'లో పోలిష్ దర్శకులు గ్రొటోవ్‌స్కీ, కాంటోర్‌ల గురించే కాక జపాన్ నో, బున్‌రాకు నాటకాల గురించి కూడా రాశాడు. 1987లో వచ్చిన 'ది బాటమ్ ట్రాన్స్‌లేషన్' మీ గైడ్ గారికి చూపించండి. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో గాడిద తల పోయాక మేల్కొన్న నేతగాడు బాటమ్ తన కల గురించి చెప్పే తికమక మాటల వెనక కొరింథీయులకు పౌలు రాసిన లేఖ ఎలా ఉందో, రోమన్ రచయిత అపులియస్ బంగారు గాడిద కథ ఎలా ఉందో ఓపికగా విప్పుతాడు. అంతకుముందు 'డ్రీమ్' మీద తాను రాసిన చీకటి వ్యాఖ్యానాన్ని అక్కడ తానే సవరించుకుంటాడు. పాండిత్యం లేదన్నవాళ్లకు ఆ పుస్తకమే జవాబు.

ఆత్మకథ ఇంగ్లీషులో 'స్టిల్ అలైవ్'గా 1994లో వచ్చింది. యుద్ధం, పార్టీ, గుండెపోట్లు అన్నీ అందులో ఉన్నాయి. కుజ్నిత్సా రోజుల గురించి దాచకుండా రాశాడు. కాన్రాడ్ వివాదం దగ్గర ఇంకా ఎక్కువ రాయాల్సిందని నాకనిపిస్తుంది. అయినా కథంతా తనకు అనుకూలంగా తిప్పుకోలేదు, దానికి గౌరవం ఇస్తాను.

మీ పనికి సంబంధించి ఆఖరి మాటలు. కాట్‌ను సిద్ధాంత అధ్యాయంలో పెట్టకండి, ప్రదర్శనల అధ్యాయంలో పెట్టండి. ఆయన వాక్యాన్ని షేక్‌స్పియర్ ఉద్దేశానికి సాక్ష్యంగా చూపకండి. 1956 క్రాకో ప్రేక్షకుడికీ, 1962 లండన్ దర్శకుడికీ సాక్ష్యంగా చూపండి. ఫుట్‌నోట్‌లో తబోర్‌స్కీ పేరు, 1964 ప్రతి వివరం తప్పకుండా ఇవ్వండి, ముందుమాట నుంచి తీసుకున్నది బ్రూక్ పేరు మీద వేయండి. చదివే వరసేమిటంటే, ముందు 'మూడో రిచర్డ్' నాటకం మొత్తం, తర్వాత 'రాజులు' వ్యాసం, ఆ తర్వాత హామ్లెట్ వ్యాసం, లియర్ వ్యాసం. అవి అయ్యాక ఆత్మకథ. 'ది బాటమ్ ట్రాన్స్‌లేషన్' చివర్న. వైవాలో ఎవరైనా ఆయన స్టాలినిస్టు కదా అని అడిగితే కాన్రాడ్ వివాదం గురించీ, 34 మంది లేఖ గురించీ, రెండూ చెప్పండి. ఒకటి చెప్పి ఇంకోటి వదిలేయొద్దు.